పాత బీడు పైపుకు కొత్త పీవీసీ కలపాలంటే సిమెంటా, రబ్బరా, మొత్తం మార్చేయడమా?

నల్గొండలో మా ఇల్లు 1986లో మా బాపు కట్టించింది. వెనక గోడ పొడుగునా, మేడ మీది బాత్రూమ్ నుంచి కింద చాంబర్ (మురుగు లైన్లు కలిసే తొట్టి) దాకా, నల్ల రంగు వేసిన బీడు పైపు దిగుతుంది. షాపుల్లో సీఐ (కాస్ట్ ఐరన్, అంటే పోత ఇనుము) పైపు అంటారు, మన మేస్త్రీలు బీడు పైపు అనే అంటారు. ఆరేళ్ల కింద పైన ఇంకో బాత్రూమ్ వేయించి, దాని లెట్రిన్ లైను కొత్త పీవీసీ పైపుతో తెచ్చి ఈ పాత పైపుకే కలిపించాం. దసరా అయిపోయిన వారం అది. వచ్చిన ప్లంబర్ "సిమెంటు కొట్టేస్తే బండలెక్క ఉంటది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు, నేనూ సరే అన్నాను. చలికాలమంతా ఒక్క చుక్క కారలేదు. ఏప్రిల్ చివరికొచ్చేసరికి వంటింటి వెనక గోడ మీద అరచేతి వెడల్పు మరక, దాంతోపాటు వాసన. నిచ్చెన వేసుకుని చూస్తే సిమెంటు నిజంగానే బండలాగా ఉంది, ఎక్కడా పగుల్లేదు. కానీ ఆ సిమెంటు రింగుకూ పీవీసీ పైపుకూ మధ్య చుట్టూతా సన్నటి సందు, పది రూపాయల నోటు అంచు దూరేంత. పైన ఫ్లష్ కొట్టినప్పుడల్లా ఆ సందులోంచి నీళ్లు ఊరి, గోడ వెంట దిగుతున్నాయి.

అప్పటి నుంచి మా చుట్టాల ఇళ్లలో, పక్కిళ్లలో ఇదే పని ఇంకో నాలుగైదు చోట్ల దగ్గరుండి చేయించాను. మహబూబ్‌నగర్‌లో మా అక్క వాళ్ల ఇంట్లో అయితే మొత్తం పైపే మార్చాల్సి వచ్చింది. ఏ జాయింటు ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ డబ్బు దండగ అవుతుంది అన్నది చూసినంత వరకు చెప్తాను.

ముందు సిమెంటు ఎందుకు వదిలేసిందో చూడండి, ఎందుకంటే మిగతా ఎంపికంతా దీని మీదే ఉంది. పీవీసీ ఎండకు బాగా సాగుతుంది. మీటరు పైపు ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.07 మిల్లీమీటరు పెరుగుతుంది. మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే, మే నెలలో 45 దాటే రోజుల్లో పడమటి గోడ మీది పైపు ముట్టుకుంటే కాలుతుంది, 55 అనుకుందాం. అంటే 40 డిగ్రీల తేడా. 3 మీటర్ల పీవీసీ పైపు ఆ తేడాకు 8 మిల్లీమీటర్లకు పైగా పొడుగవుతుంది, అదే పొడవు బీడు పైపు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా పెరగదు. పైగా పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు, చుట్టూ గట్టిపడి కూర్చుంటుంది అంతే. రోజూ పగలు సాగి రాత్రి ముడుచుకునే పైపును కదలని కడియంలో బిగిస్తే ఎన్ని రోజులు ఆగుతుంది? కాబట్టి ఈ రెండు పైపుల మధ్య ఏది పెట్టినా అది కదలికను తట్టుకోవాలి. తట్టుకునేది రబ్బరు.

అయితే రబ్బరు కొనడానికి పరిగెత్తే ముందు పాత పైపును చూడాలి. చాలామంది ఇది వదిలేస్తారు.

మొదటిది, అది నిజంగా బీడేనా? పాత ఇళ్లలో గాలి గొట్టాలకు, వాన నీటికి ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులు కూడా వాడారు, మీద రంగు వేస్తే దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే బీడు. అంటుకోకుండా, గీరితే బూడిద రంగు పొడి రాలితే దాని మీద గ్రైండర్ పెట్టనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

తర్వాత చిన్న స్పానర్ తీసుకుని పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. బాగున్న బీడు ఖంగుమంటుంది. పగిలినా, లోపల తినేసినా, టప్పుమని బద్దుగా పలుకుతుంది. అడ్డంగా పోయే పైపు అయితే పై సగాన్ని ముఖ్యంగా తట్టండి. కింద నీళ్లు పారుతుంటే కిందే పాడవుతుంది అనుకుంటాం గానీ, మురుగు నుంచి లేచే గాలి, ఆ కుళ్లిన గుడ్డు వాసనది, పైపు లోపల పై వైపు ఉండే తడి మీద యాసిడ్‌గా మారి పై భాగాన్నే ముందు తింటుంది. మట్టిలో ఉన్న పైపుకు ఇంకో రోగం ఉంది. ఇనుము కరిగిపోయి మసిలాంటి గ్రాఫైటు మిగులుతుంది, చూడ్డానికి పైపు ఆకారం అట్లే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గీరితే మాత్రం పెన్సిల్ ముల్లులా గీసుకుపోతుంది. అట్లాంటి పైపుకు ఎంత మంచి జాయింటు పెట్టినా క్లాంపు బిగించగానే అది లోపలికి నలుగుతుంది.

లోపలి రంధ్రం కూడా చూడండి. మన బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్ల అడుగున తెల్ల పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర తుప్పుతో కలిసి పైపులో పేరుకుంటుంది. మా అక్క వాళ్ల ఇంట్లో కోసిన ముక్క చూసినప్పుడు నాలుగు అంగుళాల పైపులో పిడికిలి కూడా పట్టనంత సందే మిగిలి ఉంది. ఎప్పుడూ జామ్ అవుతుందని ఏళ్ల తరబడి యాసిడ్ పోశారు పాపం.

ఇంకో ప్రశ్న, అసలు కలపాలా? కొత్త బాత్రూమ్ కింది అంతస్తులో ఉండి చాంబర్ నాలుగైదు మీటర్లలో ఉంటే, పాత పైపు జోలికి పోకుండా కొత్త లైను నేరుగా చాంబర్‌కు తీసుకుపోండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకు వెనక పెరట్లోనే ఉంటుంది కాబట్టి ఇది చాలాసార్లు కుదురుతుంది. కొంచెం తవ్వకం, ఒక చాంబర్ గోడకు కన్నం, అంతే. జాయింటు లేకపోతే జాయింటు కారడం కూడా ఉండదు. మేడ మీది లైన్లకు, స్లాబులోంచి దిగిన పైపులకు మాత్రం ఈ దారి ఉండదు, కలపక తప్పదు.

కలపడానికి ఉన్న దారులు

నేను ఎక్కువ చోట్ల వాడించింది, అడిగితే మొదట చెప్పేది, రెండు వైపులా స్టీలు క్లాంపులున్న రబ్బరు తొడుగు. ఆన్‌లైన్‌లో ఫ్లెక్సిబుల్ కప్లింగ్ అని వెతికితే వస్తుంది. మా ప్రకాశం బజారులో అడిగితే ఒకరిద్దరు కార్లకు వాడే హోస్ పైపు ముక్క చూపించారు, అది కాదు. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే రాణిగంజ్‌లో అడగండి, లేదంటే ఆర్డర్ పెట్టుకుని వారం ముందే తెప్పించుకోండి, ప్లంబర్‌ను పిలిచాక వెతుక్కుంటే ఆ టెన్షన్‌లో మళ్లీ సిమెంటుకే ఒప్పుకుంటారు. బీడు పైపును నేరుగా, అంచు సమంగా కోసి, ఆ కొసకు ఒక పక్క, పీవీసీకి ఇంకో పక్క తొడిగి బిగించడమే పని.

సైజు దగ్గరే తేడా వస్తుంది. కొత్త పైపు 110 మిల్లీమీటర్లు అంటే బయటి కొలత. పాత నాలుగు అంగుళాల బీడు పైపు 100 అంటే లోపలి కొలత. బీడు పైపు మందం రెండు పక్కలా కలుపుకుంటే బయట అదీ 110 దగ్గరకే వస్తుంది, కానీ పోత పైపు కదా, రంగు పొరలూ తుప్పూ కలిసి అటూ ఇటూ ఉంటుంది. మీ పైపు చుట్టూ దర్జీ టేపు చుట్టి కొలవండి, వచ్చిన కొలతను 3.14తో భాగించండి. చుట్టుకొలత 34.5 సెంటీమీటర్లు వస్తే 110 మిల్లీమీటర్ల పైపు. 36 వచ్చిందనుకోండి, అది 114 దాటుతుంది, 110కి సరిగ్గా చేసిన తొడుగు ఎక్కదు. కొలిచే ముందు ఇనుప బ్రష్‌తో రంగు, తుప్పు పెచ్చులు గీరేయాలి. క్లాంపు కింద పెచ్చు ఉంటే ఇవాళ బిగిసినట్టే ఉంటుంది, నెల తర్వాత ఆ పెచ్చు ఊడి అక్కడే నీళ్లు వస్తాయి.

ఈ తొడుగుల్లో రెండు రకాలు. ఒట్టి రబ్బరుది ఒకటి, రబ్బరు మీద స్టీలు రేకు చుట్టి ఉన్నది ఒకటి. గోడ మీద పైపుకు రెండు పక్కలా బ్రాకెట్లు గట్టిగా ఉంటే ఒట్టి రబ్బరుతో నడుస్తుంది. మట్టిలో పోయే లైనుకు మాత్రం రేకు ఉన్నదే పెట్టండి, ధర ఎక్కువైనా సరే. ఒట్టి రబ్బరు మట్టి బరువుకు మధ్యలో కుంగుతుంది, రెండు పైపుల కొసలు మెట్టులాగా ఎగుడుదిగుడవుతాయి, ఆ మెట్టుకు చెత్త తట్టుకుని జామ్ అవుతుంది. నల్లరేగడి ఉన్న చోట ఇంకా జాగ్రత్త, వానకు ఉబ్బి ఎండకు పగిలే భూమి అది, పైపును ఊరికే ఉండనివ్వదు. మాది చెల్క (ఎర్ర ఇసుక) భూమి, అంత బాధ లేదు, అయినా పైపు కింద ఇసుక పరిపించాను.

రెండో దారి, పాత పైపు సాకెట్‌లోనే, అంటే ఇంకో పైపు దూరేలా వెడల్పుగా ఉండే దాని మూతిలోనే, కొత్త పైపు దించడం. స్లాబుకు ఆనుకుని బీడు సాకెట్ ఒకటే పైకి కనపడుతూ, కోయడానికి చోటు లేనప్పుడు ఇదే దిక్కు. పాతకాలం జాయింట్లలో ముందు జనపనార కుక్కి, దాని మీద సీసం కరిగించి పోసి, ఉలితో దట్టించేవాళ్లు. ఆ సీసం తీసి, ఆ ఖాళీలో మందపాటి రబ్బరు రింగు పెట్టి, దాంట్లోకి పీవీసీ కొస నెట్టాలి. చక్కగా కుదిరితే ఇదంత అందమైన జాయింటు ఇంకోటి లేదు, బయటికి ఏమీ కనపడదు. కానీ కుదరడమే కష్టం. మా పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఒక్క సాకెట్ ఖాళీ చేయడానికి పొద్దంతా పట్టింది. సీసం మీద చుట్టూతా డ్రిల్లుతో దగ్గర దగ్గరగా కన్నాలు వేసి, సన్న ఉలితో తుంటలు తుంటలుగా లేపితే వెండిలా మెరుస్తూ వచ్చింది, దాని కింద నార మాత్రం నల్లగా, ముప్పై ఏళ్లయినా తాడు తాడుగానే ఉంది, కొక్కెం వేసి లాగితే జడలాగా మొత్తం ఊడొచ్చింది. సుత్తె దెబ్బ కొంచెం పక్కకు పడితే సాకెట్ అంచు ఎగిరిపోతుంది, బీడుకు వంగే గుణం లేదు, పగలడమే. త్వరగా అవుతుందని గ్యాస్ మంటతో సీసం కరిగిస్తానంటే ఒప్పుకోకండి. సీసం పొగ విషం, పైగా పైపు నుంచి సెప్టిక్ ట్యాంకు గ్యాసు వస్తుంటుంది, అది మండుతుంది. కొత్త జాయింటుకు మళ్లీ సీసమే పోద్దాం అనే పాతకాలం మేస్త్రీలు కూడా అక్కడక్కడ ఉన్నారు. సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి, పీవీసీ 80 దగ్గరే మెత్తబడుతుంది. రబ్బరు రింగు మీ సాకెట్‌కు సరిపోయేది దొరికితేనే, ఓపికున్న ప్లంబర్ ఉంటేనే ఈ దారి పట్టండి.

ఒక మాట, రింగు జారడానికి చాలామంది ఇంజిన్ ఆయిలో గ్రీజో పూస్తారు. వద్దు, నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. షాపులో అమ్మే లూబ్రికెంటు గానీ, అది లేకపోతే సబ్బు నీళ్లు గానీ చాలు. పీవీసీ కొస ఏటవాలుగా చెక్కి, లోపలికి పూర్తిగా నెట్టాక ఒక గీత పెట్టుకుని, 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. పైపు ఎండకు సాగేది ఆ ఖాళీలోకే.

సిమెంటు గురించి పైనే చెప్పాను. ఎపాక్సీ ముద్ద, అందరూ ఎం-సీల్ అనేది, అది సిమెంటు కంటే పీవీసీని బాగా పట్టుకుంటుంది, చిన్న పిన్‌హోల్ మూయడానికి పనికొస్తుంది. కానీ గట్టిపడ్డాక అదీ రాయే. దాన్ని జాయింటుగా నమ్ముకోవద్దు. పీవీసీ సొల్యూషన్ ఇనుముకు అంటదు, ఎంత పూసినా అంతే. సిలికాన్ తడి తుప్పు మీద నిలవదు. ఇల్లు ఖాళీ చేసేలోపు నాలుగు నెలలు గడిస్తే చాలు అనుకునే అద్దె వాళ్లకైతే సిమెంటో ఎం-సీలో, పర్లేదు. సొంత ఇంటికి వద్దు.

మొత్తం మార్చడం ఎప్పుడు

తట్టినప్పుడు రెండు మూడు చోట్ల బద్దుగా పలికితే, స్క్రూడ్రైవర్ దిగితే, లేదా కోసిన ముక్కలో రంధ్రం సగానికి మూసుకుపోయి ఉంటే, జాయింటు గురించి ఆలోచించడం మానేయండి. పైనుంచి చాంబర్ దాకా మొత్తం తీసి కొత్తది వేయండి. ఖర్చు ఎక్కువే, కానీ మా అక్క వాళ్లు ముందు జాయింటు పెట్టించి, ఏడాదికి దాని కింద పైపు చీలితే మళ్లీ మనిషిని పిలిచి, మళ్లీ గోడ పగలగొట్టి, చివరికి మొత్తం మార్చారు. రెండుసార్లు కూలి. పాత బీడు ఇనుప సామాను వాళ్లకు కిలోల లెక్కన పోతుంది, నాలుగు అంగుళాల పైపు మీటరుకు దాదాపు 12 కిలోలు తూగుతుంది, రెండంతస్తుల పైపుకు ఎంతో కొంత చేతికొస్తుంది. ముక్కలు తూకం వేసేటప్పుడు మీరు అక్కడే ఉండండి.

కొత్తది కొనేటప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (లెట్రిన్, మురుగు, వాన నీళ్ల లైన్లకు చేసే పీవీసీ పైపు) అని అడగండి, అందులో టైప్ బి తీసుకోండి. పైపు మీదే ఐఎస్ 13592 అని, టైప్ ఎ గానీ బి గానీ అని ముద్ర ఉంటుంది. టైప్ ఎ వాన నీళ్లకు, గాలి గొట్టానికి. 110 సైజులో టైప్ ఎ మందం 2.2 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది, టైప్ బి 3.2 నుంచి. లెట్రిన్ లైనుకు టైప్ ఎ అంటగట్టి బిల్లు తక్కువ చూపించేవాళ్లు ఉన్నారు. రబ్బరు తొడుగు పెట్టినా పల్చటి పైపును క్లాంపు నొక్కేస్తుంది, కాబట్టి కలిపే ముక్క వరకైనా టైప్ బి ఉండాలి. పైన డాబా మీదికి పోయే గాలి గొట్టాన్ని వాసన వస్తుందని మూసేయకండి, కొత్త పైపునూ పైదాకా తీసుకుపోయి కవుల్ (గాలి పోయేలా కన్నాలున్న మూత) పెట్టించండి.

కోసే రోజు జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. గోడ మీది బీడు పైపు మధ్యలో కోస్తే పైనున్న బరువంతా ఏ బ్రాకెట్ మీద ఆగుతుందో ముందే చూసుకోవాలి. 6 మీటర్ల పైపు అంటే 70 కిలోల పైనే. పాత ఇనుప మేకులు తుప్పు పట్టి పేరుకే ఉంటాయి. కోసే చోటుకు పైనా కిందా కొత్త క్లాంపులు గోడకు బోల్టులతో బిగించాకే గ్రైండర్ తీయమనండి. మా ఇంట్లో ఆ పని చేసిన తమ్ముడు, దేవరకొండ పిల్లగాడు, క్లాంపు బిగించి తను రెండు చేతులతో వేలాడి చూశాకే బ్లేడు పెట్టాడు. అట్లాంటి మనిషి దొరికితే కూలి వంద ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. పైన ఎవరూ బాత్రూమ్ వాడకుండా కుళాయిలు కట్టేయాలి, అద్దెకున్న వాళ్లకు ముందు రోజే చెప్పాలి. కోసిన వెంటనే కింది కొసలో తడి గోనె గుడ్డ కుక్కాలి. గ్యాసు రాకుండా, ముక్కలు లోపల పడకుండా.

జాయింటు బిగించిన వెంటనే రంగు వేయనివ్వకండి, గోడ పూడ్చనివ్వకండి. బట్టలకు వాడే నీలిమందు బకెట్ నీళ్లలో కలిపి పైనుంచి ఒక్కసారిగా పోయండి, అట్లా అయిదారు బకెట్లు. జాయింటు చుట్టూ పాత న్యూస్‌పేపర్ చుట్టి దారంతో కట్టేయండి. చిన్న చెమ్మ వచ్చినా పేపరు మీద నీలం మచ్చ పడుతుంది, కంటికి కనపడని లీకు కూడా అట్లా దొరుకుతుంది. మచ్చ పడితే క్లాంపును ఇంకో అర చుట్టు తిప్పి మళ్లీ పోయండి. రెండోసారీ మచ్చ పడితే తొడుగు విప్పి, కింద పెచ్చు ఏమన్నా మిగిలిందేమో చూడాలి. మేము పేపరును వారం రోజులు అట్లే ఉంచాం. అది మే నెల, గోడ మధ్యాహ్నం పూట చెయ్యి పెట్టలేనంత వేడి. పేపరు ఎండకు పసుపెక్కింది గానీ నీలం చుక్క పడలేదు, అప్పుడు మేస్త్రీని పిలిచి గోడ పూయించాం.